ఇరవై ఒకటో నంబరు ఎలుక

ఎం.ఫార్మసీ రెండో ఏడాదిలో నొప్పి మందుల మీద నా ప్రాజెక్టు కోసం 24 చిట్టెలుకల్ని వాడాను. తెల్లటివి, ఎర్రటి కళ్లు, ఒక్కోటి పాతిక గ్రాముల బరువు. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాని నడుముని ఒడిసిపట్టుకుని, నడుములోని ఐదో వెన్నుపూసకీ ఆరో పూసకీ మధ్య సన్నటి సూది దించాలి. సూది సరైన చోటికి వెళ్తే తోక చటుక్కున ఒకసారి పక్కకి కొట్టుకుంటుంది. మనకి ఆ కదలికే గుర్తు. అప్పుడు 5 మైక్రోలీటర్ల మందు లోపలికి వదలాలి. కంటి చుక్కల సీసాలోంచి పడే ఒక్క చుక్కలో అది దాదాపు పదో వంతు. 1980లో హిల్డెన్, విల్కాక్స్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతి ఇది. నాకు చేయి కుదరడానికి మూడు వారాలు పట్టింది.

మందు వెళ్లాక ఎలుకని గొట్టంలాంటి పెట్టెలో పెట్టి, తోకని వేడి నిక్రోమ్ తీగ దగ్గర ఉంచి స్టాప్‌వాచ్ నొక్కుతాం. మందు లేని ఎలుక మూడు సెకన్లలో తోక లాగేసుకుంటుంది. మందు పనిచేస్తే ఇంకాసేపు ఉంచుతుంది. పది సెకన్లు దాటితే తోక కాలిపోతుంది కాబట్టి అక్కడితో మనమే తీసేయాలి. 1941 నుంచీ ప్రపంచమంతా వాడుతున్న పరీక్ష ఇది.

నా ప్రాజెక్టు ట్రమడాల్ అనే నొప్పి మందునీ, క్లోనిడిన్ అనే బీపీ తగ్గించే మందునీ కలిపి వెన్నులో ఇస్తే ఏమవుతుందని. మార్ఫిన్‌తో చేయాలని ఉండేది గానీ, 1985 నాటి మత్తుమందుల చట్టం కింద దానికి లైసెన్సులు తెచ్చుకోవడం మా కాలేజీ వల్ల కాలేదు. నాలుగు గుంపులు చేశాను: ఒకదానికి ఉప్పునీరు, ఒకదానికి ట్రమడాల్, ఒకదానికి క్లోనిడిన్, చివరిదానికి రెండూ కలిపి. గుంపుకి ఆరు. లెక్క వేస్తే ట్రమడాల్‌కి 29 శాతం, క్లోనిడిన్‌కి 21 శాతం ఉపశమనం. కలిపినప్పుడు 77. ఇరవైతొమ్మిదీ ఇరవైయొకటీ కలిస్తే యాభై, మనకి వచ్చింది డెబ్బైయేడు. సినర్జీ! అంటే రెండు మందులూ కలిసి, విడివిడి బలాల మొత్తానికి మించి పనిచేయడం. థీసిస్ చివరి పేజీలో ఆ మాట బోల్డ్‌లో పెట్టాను. మా గైడు సంతోషించారు. వైవాకి వచ్చిన పెద్దమనిషి పేజీలు తిప్పి, మంచి మార్కులు వేసి వెళ్లారు.

ఆ మాట తప్పని తెలియడానికి పదేళ్లు పట్టింది. అప్పటికి నేనే పాఠాలు చెబుతున్నాను. మందుల కలయిక గురించి చెబుతూ నా ప్రాజెక్టునే ఉదాహరణగా బోర్డు మీద రాశాను. రెండో బెంచీలో కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, క్లోనిడిన్ కలపకుండా ట్రమడాల్‌నే డబుల్ ఇచ్చుంటే ఎంత వచ్చేది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ గుంపు నేను పెట్టనే లేదు.

ఆ ప్రశ్న ఎంత లోతైనదో ఆ రాత్రి ఇంట్లో కాగితం మీద గీసుకుంటే అర్థమైంది. చాలా మందుల ప్రభావం మోతాదుతో పాటు నిచ్చెన మెట్లలా సమానంగా పెరగదు. కొంతవరకూ నెమ్మదిగా ఉండి, ఒక చోట నిటారుగా లేస్తుంది. ఒక మందు 10 పాళ్లు ఇస్తే 20 శాతం, 20 పాళ్లు ఇస్తే 70 శాతం ఉపశమనం వస్తుందనుకోండి. పదీ పదీ కలిపితే 40 రావాలి, 70 వచ్చింది. అంటే ఆ మందుకి దానితోనే సినర్జీ ఉందన్నమాట! నేను థీసిస్‌లో వేసిన లెక్క సరిగ్గా ఇదే. శాతాలు కూడి చూడటం వల్ల ఏమీ తేలదు.

సరైన దారి 1920ల్లోనే ఉంది. జర్మన్ ఫార్మకాలజిస్టు జీగ్‌ఫ్రీడ్ లోవే చూపించాడు: ప్రభావాలు కూడకండి, మోతాదులు చూడండి. మొదటి మందు ఒక్కటే ఇస్తే సగం ఉపశమనానికి 10 మైక్రోగ్రాములు కావాలి, రెండోదైతే 20 కావాలి. గ్రాఫు కాగితం మీద అడ్డంగా 10 దగ్గర ఒక చుక్క, నిలువుగా 20 దగ్గర ఒక చుక్క పెట్టి రెంటినీ గీతతో కలపండి. మందులు ఒకదానికొకటి ఊరికే సాయం పడుతున్నాయంతే అయితే, 5 మైక్రోగ్రాముల మొదటిదీ 10 మైక్రోగ్రాముల రెండోదీ కలిస్తే అదే ఉపశమనం వస్తుంది, ఆ చుక్క గీత మీదే పడుతుంది. అది పది రూపాయల నోటుకి బదులు రెండు ఐదు రూపాయల బిళ్లలిచ్చినట్టు. కానీ 2, 4 మైక్రోగ్రాములతోనే పని జరిగిపోతే చుక్క గీతకి బాగా కిందపడుతుంది. సినర్జీ అంటే అదీ. గీతకి పైన పడితే ఒక మందు ఇంకోదానికి అడ్డం పడుతోందని. ఆ బొమ్మని ఐసోబోలోగ్రామ్ అంటారు.

దీనికి ఎక్కువ ఎలుకలు కావాలి. మొదటి మందుకి నాలుగు మోతాదులు, రెండోదానికి నాలుగు, కలిపినదానికి నాలుగు. గుంపుకి ఆరు చొప్పున 72. ఇక్కడే జంతు ప్రయోగాలకు అనుమతిచ్చే మన ఎథిక్స్ కమిటీలు తడబడతాయి. నేనూ ఇప్పుడు ఒక కమిటీలో కూర్చుంటున్నాను కాబట్టి లోపలి సంగతి తెలుసు. అనుమతి కోరే దరఖాస్తు, అంటే ఫారం-బి, రాగానే అందరి కళ్లూ మొదట జంతువుల సంఖ్య మీదే పడతాయి. 24 అని ఉంటే ఊపిరి పీల్చుకుంటాం. 72 అని ఉంటే "తగ్గించలేరా?" అంటాం. జంతు ప్రయోగాల గురించి 1959లో రస్సెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన మూడు సూత్రాల్లో జంతువుల సంఖ్య తగ్గించడం ఒకటి, నేను దాన్ని మనసా నమ్ముతాను. కానీ వాళ్లు చెప్పింది అదే సమాచారాన్ని తక్కువ జంతువులతో రాబట్టమని. నా 24 ఎలుకలు ఏ సమాచారమూ ఇవ్వలేదు, ఇచ్చే అవకాశమే ఆ ప్రాజెక్టులో లేదు. జవాబు వచ్చే 72 కంటే జవాబు రాని 24 ఎక్కువ క్రూరం. ఈ మాట రాయడం నాకు సులువుగా లేదు, ఎందుకంటే ఆ 24 నా చేతుల మీదుగానే పోయాయి.

నిజానికి 72 కూడా అక్కర్లేదు. అదే ఎలుకకి మోతాదు మెల్లగా పెంచుకుంటూ పోయి ప్రతిసారీ కొలవచ్చు. కాకపోతే దానికి సన్నటి గొట్టం అమర్చాలి. 1976లో యాక్ష్, రూడీ అనే పరిశోధకులు పెద్ద ఎలుకల్లో చేసి చూపించింది అదే. తల వెనక భాగం నుంచి ఎనిమిదిన్నర సెంటీమీటర్ల గొట్టాన్ని నడుము దాకా వెన్నుపాము పక్కన దించారు. మార్ఫిన్ నేరుగా వెన్నుపాము మీదే పనిచేసి నొప్పి ఆపుతుందని దాంతో తేలింది. మూడేళ్లు తిరక్కుండానే, 1979లో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో కేన్సర్ రోగులకు వెన్నులో మార్ఫిన్ ఇచ్చారు. జంతువు నుంచి మనిషికి ఇంత తొందరగా, ఇంత నేరుగా మేలు జరిగిన సందర్భాలు తక్కువ. అందుకే "ఎలుకల మీద నొప్పి పరిశోధనలన్నీ ఆపేయండి" అనే స్నేహితులతో నేను గొంతు కలపలేను. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. 2023లో మన కొత్త మందుల నియమాలు మార్చి జంతువులు లేని పద్ధతులకూ చోటిచ్చారు, అది మంచి పనే. కానీ గాజు పళ్లెంలో పెంచిన నరాల కణానికి బీపీ పడిపోదు, మూత్రం ఆగిపోదు, కాళ్లు చచ్చుబడవు. వెన్నులో మందులు కలిపినప్పుడు అసలు ప్రశ్నలు అవే.

లెక్క తప్పు ఒక ఎత్తు. దానికంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను.

నా పాత ల్యాబు నోటుబుక్కు ఇప్పటికీ ఉంది. నీలం అట్ట, మూలలు నలిగిపోయాయి. రెండూ కలిపి ఇచ్చిన గుంపులో ఇరవై ఒకటో నంబరు ఎలుక దగ్గర, టైమింగుల గడి పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో రాసుకున్నాను: "వెనక కాళ్లు ఈడుస్తోంది. 40 నిమిషాలు." ఇరవై మూడో నంబరు దగ్గర: "పక్కకి ఒరిగింది, లేపితే లేచింది." ఈ రెండూ పది సెకన్ల దాకా తోక కదపలేదు. అంటే నా లెక్కలో రెంటికీ నూటికి నూరు శాతం ఉపశమనం. ఆ 77 శాతం సగటుని పైకి లాగింది ముఖ్యంగా ఈ రెండే. కాళ్లు పడిపోయిన ఎలుక తోక లాగలేక ఉంచిందా, నొప్పి తెలియక ఉంచిందా? మత్తుగా ఒరిగిపోయింది కాబట్టి ఉంచిందా? సూది గుచ్చడంలో నరం ఏమైనా గీరుకుందా? ట్రమడాల్‌కి లోకల్ అనస్థీషియా మందులా నరాన్ని మొద్దుబార్చే గుణం కూడా కొంత ఉంది, అదేమైనా కారణమా? ఏదైనా కావచ్చు. తిరిగే కడ్డీ మీద నిలబడగలదా అని రోటారాడ్ మీద రెండు నిమిషాలు పెట్టి చూసుంటే కొంతైనా తేలేది. ఆ పరికరం పక్క బల్ల మీదే ఉంది. పెట్టలేదు, ఎందుకంటే నా ప్రాజెక్టు నొప్పి గురించి. మార్జిన్‌లో రాసుకున్న ఆ రెండు వాక్యాలు థీసిస్‌లోకి ఎక్కలేదు.

వెన్నులో రెండు మందులు కలిపి జంతువు మీద పరీక్షించేవాళ్లు, నొప్పి ఎంత తగ్గిందో కొలిచినంత శ్రద్ధగా మిగతా ఒంటికి ఏమైందో కూడా కొలవాలి. కొలవని ప్రాజెక్టుకి కమిటీ అనుమతి ఇవ్వకూడదు. ఎందుకంటే, కలపడం వల్ల ఉపశమనం ఎంత పెరిగిందో సైడ్ ఎఫెక్టులూ అంతే పెరిగితే మనం సాధించింది ఏమీ లేదు. ఒకే మందు ఎక్కువ మోతాదులో ఇచ్చినట్టే అయింది. ఉపశమనం పెరిగి హాని పెరక్కుండా ఉంటేనే ఆ కలయికకి అర్థం. ఐసోబోలోగ్రామ్ ఒకటి సరిపోదు, రెండు కావాలి: ఒకటి మేలుకి, ఒకటి కీడుకి.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ నియోస్టిగ్మిన్. ఆపరేషన్ చివర్లో కండరాల సడలింపు మందుకి విరుగుడుగా ప్రతి థియేటర్లోనూ వాడే మందే. 1990ల్లో దీన్ని ఎలుకల వెన్నులో ఇచ్చి చూశారు. నొప్పి తగ్గింది. 1994లో మార్ఫిన్‌తోనూ క్లోనిడిన్‌లాంటి మందులతోనూ కలిపి ఐసోబోలోగ్రామ్ గీశారు. చుక్క గీతకి కిందపడింది, అసలైన సినర్జీ. పైగా క్లోనిడిన్ బీపీ తగ్గిస్తే నియోస్టిగ్మిన్ దాన్ని నిలబెడుతుందనే ఆశ కూడా ఉండేది. 1995లో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు వెన్నులో ఇచ్చారు. నొప్పి తగ్గింది, నిజమే. కానీ మోతాదు పెరిగేకొద్దీ వికారం, వాంతులు. తర్వాత కాన్పు ఆపరేషన్లలో, ఇతర ఆపరేషన్లలో తక్కువ మోతాదులతో చూసినా అదే సమస్య వెంటాడింది. ఆ ఒక్క కారణంతో వెన్నులో నియోస్టిగ్మిన్ మామూలు వాడుకలోకి రాలేకపోయింది.

ఎలుకల్లో ఈ సంగతి ఎందుకు కనబడలేదు? ఎలుకకి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు. దాని పొట్ట, డయాఫ్రం నిర్మాణమే వేరు, మెదడు కాండంలో వాంతిని నడిపించే ఏర్పాటే లేదు. పెద్ద ఎలుకైనా చిట్టెలుకైనా అంతే. మనం ఎంత వికారం పుట్టించినా అది మౌనంగా బోనులో ఓ మూల కూర్చుంటుంది.

అయితే పూర్తిగా మౌనం కాదు. వికారంగా ఉన్న ఎలుక మట్టి తింటుంది. బోనులో తిండితో పాటు కయోలిన్ అనే తెల్లమట్టి బిళ్లలు పెడితే, మామూలప్పుడు దాని జోలికి పోని ఎలుక వికారం పుట్టించే మందు ఇచ్చాక దాన్ని కొరుకుతుంది. మన ఊళ్లలో వేవిళ్లతో ఉన్న ఆడవాళ్లు చాటుగా బలపాలు కొరకడం నేను చూశాను, అందుకే ఈ పరీక్ష గురించి మొదటిసారి చదివినప్పుడు ఆ ఎలుక నాకు చాలా దగ్గరగా అనిపించింది. సాయంత్రం మట్టి బిళ్లల్ని తూచి బోనులో పెట్టడం, పొద్దున్నే మళ్లీ తూచడం. ఒక్క ఎలుక కూడా అదనంగా అక్కర్లేదు. 1970ల నుంచీ తెలిసిన పద్ధతి. కలయికల మీద పని చేసేవాళ్లు దీన్ని మామూలు అలవాటుగా ఎందుకు చేసుకోలేదన్నదే నా బాధ.

సరిగ్గా అడిగిన ప్రయోగం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. ఎందుకంటే దాని ఫలితం నా ఒంటి మీదే అనుభవించాను.

మా పాప కాన్పుకి సిజేరియన్ అవసరమైంది. బల్ల మీద కూర్చోబెట్టి, నర్సు నా భుజాలు పట్టుకుని "నడుము విల్లులా వంచమ్మా, కదలకు" అంది. వీపు మీద చల్లటి స్పిరిట్, తర్వాత సూది. ఆ క్షణంలో నా చేతుల్లో పెట్టుకున్న ఆ చిన్న నడుములన్నీ గుర్తొచ్చాయి. కాళ్లలోకి వేడినీళ్లు పాకినట్టయి, కాసేపటికి బరువెక్కిపోయాయి. పాప ఏడుపు వినబడిన కాసేపటికి ముక్కు దురద మొదలైంది. చేత్తో రుద్దుకుంటూనే ఉన్నాను. మత్తు డాక్టరు గారు నవ్వి, "ఫెంటనిల్ కలిపానమ్మా, దానివల్లే. తగ్గిపోతుంది" అన్నారు. ఎంత కలిపారని అడిగాను. నరాల్ని మొద్దుబార్చే హెవీ బుపివకైన్ 2 మిల్లీలీటర్లు, మార్ఫిన్ జాతి నొప్పి మందు ఫెంటనిల్ 20 మైక్రోగ్రాములు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే. అన్ని ఆపరేషన్లు జరగాలా వద్దా అన్నది వేరే పెద్ద చర్చ. కానీ వాటిలో ఎక్కువ భాగం వెన్నుకి మత్తిచ్చే చేస్తారు, ఆ మత్తుమందులో చాలాచోట్ల ఇంకో మందు కలిసి ఉంటుంది. అంటే వెన్నులో మందుల కలయిక మన ఇళ్లలో అమ్మలకీ అక్కచెల్లెళ్లకీ రోజూ జరుగుతున్న విషయం.

బుపివకైన్‌లో ఫెంటనిల్ కలిపితే లాభమేంటన్న ప్రశ్నకి 1993లో కుక్కల మీద చేసిన ప్రయోగం ఒకటి చక్కటి జవాబిచ్చింది. కుక్కలంటే మనసు చివుక్కుమంటుంది, నాకూ అంతే. కానీ వాళ్లు అడిగిన ప్రశ్న చూడండి. నొప్పిని మోసుకొచ్చే నరాల సంకేతాలు ఎంత తగ్గాయో కొలుస్తూనే, రక్తనాళాల్ని బిగించి బీపీని నిలబెట్టే సింపథెటిక్ నరాల సంకేతాలు ఏమవుతున్నాయో కూడా కొలిచారు. బుపివకైన్‌కి ఫెంటనిల్ తోడైతే నొప్పి సంకేతాలు మరింత తగ్గాయి, సింపథెటిక్ సంకేతాల మీద మాత్రం అదనపు దెబ్బ పడలేదు. మేలు పెరిగింది, ఆ కీడు పెరగలేదు. వెన్నుకి మత్తిచ్చినప్పుడు తల్లికి కళ్లు తిరిగి వికారం రావడానికి ముఖ్య కారణం బీపీ పడిపోవడం. ఫెంటనిల్ తోడుంటే బుపివకైన్ మోతాదు తగ్గించవచ్చు, దాంతో బీపీ అంతగా పడదు. దానికి బదులు ముక్కు దురద వస్తుంది. ఆ బేరం నాకు సమ్మతమే.

"థియేటర్లో మేం ఎలాగూ కలుపుతున్నాం, ఇంకా జంతువులెందుకు?" అని నాతో అన్న డాక్టర్లున్నారు. వాళ్ల అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ వెన్నుపాము చుట్టూ ఉన్న నీళ్లలోకి వెళ్లే మందులో నిల్వ కోసం కలిపిన రసాయనం ఉన్నా, గాఢత ఎక్కువైనా, నరానికి జరిగే నష్టం మళ్లీ పూడకపోవచ్చు. పంపు ద్వారా నెలల తరబడి గాఢమైన మార్ఫిన్ వెళ్లిన రోగుల్లో గొట్టం కొస దగ్గర గడ్డలు ఏర్పడి వెన్నుపాముని నొక్కిన సంఘటనలున్నాయి. అవి కుక్కల్లోనూ అలాగే కనిపించాయి. అలాంటి నష్టం మొదట కనబడాల్సింది కాన్పుకి వచ్చిన తల్లిలో కాదు. ముందు పరీక్షించని కలయికని రోగికి ఇవ్వడం కూడా ప్రయోగమే, కాకపోతే దానికి ఏ కమిటీ అనుమతీ ఉండదు.

తోక పరీక్ష గురించి ఇంకొక్క మాట. వెన్నుపాముని పైన కోసేసి మెదడుతో సంబంధం తెంపేసినా ఎలుక తోక వేడికి లాక్కుంటుంది. అది వెన్నుపాము ఒక్కటే చేసే పని. నెలల తరబడి నరం నొప్పితో నిద్రలేని మనిషి బాధ అందులో లేదు. అందుకే 1988 నుంచి నరాన్ని వదులుగా కట్టిన ఎలుకలు, 1992 నుంచి వెన్ను నరాలు బిగించిన ఎలుకలు పరిశోధనలోకి వచ్చాయి. వాటి బాధ ఎక్కువ రోజులు ఉంటుంది కాబట్టి మన బాధ్యతా అంత పెరుగుతుంది. ఎం.ఫార్మసీ ప్రాజెక్టులకి వాటిని ఇవ్వకూడదని నా అభిప్రాయం, కమిటీలో కూడా అదే చెబుతాను.

మొన్న ఒక ఫారం-బి వచ్చింది. వెన్నులో రెండు మందులు, నాలుగు గుంపులు, గుంపుకి ఆరు. చూడగానే నా థీసిస్సే తిరిగొచ్చినట్టనిపించింది. వెనక్కి పంపుతూ మూడు విషయాలు రాశాను: ఒక్కో మందుకి మోతాదుల వరుస కావాలి, తోక పరీక్షకి ముందూ తర్వాతా రోటారాడ్ కావాలి, బోనులో మట్టి బిళ్లలు కావాలి. సాయంత్రం ఆ గైడు ఫోన్ చేశారు. "మేడమ్, స్టూడెంట్‌కి ఆరు నెలలే టైముంది. ఇంత చెయ్యగలదా?" అన్నారు. ఆయన టెన్షన్ నాకు తెలుసు, నా గైడు కూడా ఇదే టెన్షన్‌లో ఉండేవారు. చెయ్యలేకపోతే ప్రాజెక్టు మార్చండి సార్ అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ అమ్మాయిని నా దగ్గరికి పంపమంటే సరేనన్నారు.

తను వచ్చేది సోమవారం. నీలం అట్ట నోటుబుక్కు తీసి బ్యాగులో పెట్టుకున్నాను, ఇరవై ఒకటో నంబరు పేజీ దగ్గర కాగితం ముక్క ఉంచి.